పదో నంబరు ఫోటో కోసం వాడరేవు దాకా

"గొప్ప ఆటగాళ్ళు పదిమందిలో ఆడమనిషి ఎందుకంట?" అని కండక్టరు గారు అడిగేటప్పటికి బస్సు పేరేచర్ల దాటింది. నా చేతిలో ఆధార్ కార్డు, ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు. వెనక సీట్లలో మిరప కోతలకి పోయే ఆడవాళ్ళు క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని మా వాదన వింటున్నారు.

"ఆడింది కాబట్టండీ," అన్నాను.

"కబడ్డీయేనా?"

"కబడ్డీయే. మీరు చూసుంటే టికెట్లు కొట్టడం మర్చిపోయేవారు."

సంగతేంటంటే, సోమవారం నుంచి మా ఊరి తిరునాళ్ళ కబడ్డీ పోటీలు. ఈసారి కుర్రాళ్ళు పెద్ద ఫ్లెక్సీ వేయిస్తున్నారు. మా ఊరి ఆల్‌టైమ్ టాప్ టెన్ ఆటగాళ్ళు, కింద మరపురాని మూడు ఘట్టాలు. ఒకటో నంబరు ప్రెసిడెంటు గారి బావమరిది శ్రీను గారు. ఫ్లెక్సీ వేయించేది కూడా ఆయనే. నాలుగో నంబరు ఆయన ఆడింది ఒక్క మ్యాచి, అందులో మోకాలు పట్టేసింది. ఇప్పటికీ ఆ మోకాలి గురించే చెబుతాడు. ఏడో ఆయన విజిల్ వేశాడు తప్ప ఆడలేదు. తొమ్మిదో ఆయన బనియన్లు కొనిచ్చాడు. పదో ఆయన నిజంగానే ఆడాడు, కానీ మొన్న ఎన్నికల్లో అవతలి పార్టీ వైపు తిరిగాడు. దాంతో ఆటగాడు కాకుండా పోయాడు.

అలా పదో గడి ఖాళీ అయింది. సలోమక్కని పెట్టమని నేను పట్టుబట్టాను. ఫ్లెక్సీ పనులు చూసే చంటి నాకు మేనత్త కొడుకు.

"ఆమె ఆడినట్టు ఫోటో ఉందా? శనివారం సాయంత్రం ఆరుకి సత్తెనపల్లిలో ఫ్లెక్సీ షాపుకి తీసుకురా. ఆరు దాటితే లేదు," అన్నాడు.

అందుకే శనివారం పొద్దున అయిదూ నలభై బస్సుకి బయల్దేరాను.

సలోమక్క మా ఊరి పిల్లే, పెళ్ళయి వాడరేవు వెళ్ళిపోయింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పోటీల ముందు ప్రాక్టీసులో మగాళ్ళకి ఒకరు తక్కువైతే, హైస్కూల్లో ఆడిన పిల్ల కదా అని నవ్వుతూ ఆమెని పిలిచారు. శ్రీను గారు కూతకి వచ్చాడు. తిరిగి పోతుంటే ఆమె చీలమండ దొరకబుచ్చుకుంది. మధ్య గీత జానెడు దూరం. ఆయన పాకాడు, గింజుకున్నాడు, చెయ్యి చాపాడు. ఆమె వదల్లేదు. కూత సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. నేను పత్తి ట్రాక్టరు మీద కూర్చుని అంతా చూశాను. నా లెక్కలో మా ఊరి ఆటల్లో అంతకు మించిన ఘట్టం లేదు. చంటి మాత్రం ప్రాక్టీసు లెక్కలోకి రాదంటాడు. మరి బనియన్లు ఎలా లెక్కలోకి వచ్చాయో చెప్పడు.

ఏడింటికి గుంటూరు బస్టాండు. రెండు ఇడ్లీలు తిని, ఏడూ ఇరవైకి చీరాల బస్సెక్కాను. నా పక్కన ఒక పెద్దావిడ, వేటపాలెం జీడిపప్పు షెడ్డులో పనిచేస్తుందట. పొన్నూరు వచ్చేలోపు లిస్టంతా చెప్పేశాను.

"మేం పప్పుని గుండు, బద్ద, ముక్క అని ఏరతామమ్మా," అంది ఆవిడ. "కొనేవాడు ఎవరని చూసి ముక్కని గుండు డబ్బాలో వెయ్యం. వేస్తే మేస్త్రీ ఊరుకోడు. మీ ఊళ్ళో మేస్త్రీ లేడా?"

"ఉన్నాడండీ. ఆయన ఫోటోనే మొదట ఉంది."

ఆవిడ బాపట్ల దాకా నవ్వుతూనే ఉంది.

పావు తక్కువ పదికి చీరాల. అక్కణ్ణుంచి షేరాటో. పదీ పావుకి వాడరేవులో దిగాను. సెలవు రోజు కావడంతో సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. వాళ్ళకి అవతల ఇసకలో వలలు పరిచి, ఎండుచేపలు తిరగేస్తోంది సలోమక్క. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. భుజాలు అలాగే ఉన్నాయి.

"ఎవరే నువ్వు, నాగమణివా? ట్రాక్టరు మీద కూర్చుని అరిచిన పిల్లవేనా?"

ఇంటికి తీసుకెళ్ళి చేపల పులుసుతో అన్నం పెట్టింది. విషయం చెప్పగానే మొహం వెలిగింది. బైబిలు తెరిచి, పేజీల మధ్య నుంచి ఫోటో తీసింది. హైస్కూలు జట్టు, మధ్యలో తను, ఒక మోకాలికి కట్టు. నేను చెయ్యి చాపాను.

"ఎన్నో నంబరు?" అంది.

"పదోది అక్కా. చాలా గొడవపడి తెచ్చాను."

"ఒకటి ఎవరు?"

"శ్రీను గారు."

అక్క ఫోటో ఇవ్వలేదు.

"కాలు బాగుందా ఆయనకి?"

"బాగానే ఉందక్కా."

"నీ లెక్కలో నేనెన్నోదాన్ని?"

"ఒకటి. ఎప్పుడూ ఒకటే."

"మరి నీ లిస్టు ఇంట్లో పెట్టేసి, వాళ్ళ లిస్టు ఇంత దూరం మోసుకొచ్చావేంటే?"

పొద్దుట్నుంచీ మూడు బండ్లెక్కి నేను తెచ్చింది ఆమెకి గౌరవం అనుకున్నాను. చూడబోతే అవతలి పార్టీ ఆయన ఖాళీ చేసిన గడి.

అక్క ఫోటోని మళ్ళీ బైబిల్లో పెట్టేసింది. "అక్కడ వాడి బొమ్మ నా బొమ్మకి నాలుగింతలుంటుంది. ఇవ్వను. రేపు చర్చి అయ్యాక నేనే వస్తా. మధ్య గీత గీసి ఉంచు."

ఒంటిగంటకి బయల్దేరి, చీరాలలో బస్సు దొరికి, గుంటూరులో మారి, అయిదున్నరకి సత్తెనపల్లిలో దిగాను. ఫ్లెక్సీ షాపు ముందు చంటి టైము చూసుకుంటున్నాడు.

"ఫోటో ఏదే?"

"ఇవ్వలేదు."

"పదో నంబరిస్తే కూడానా?"

"పదో నంబరిచ్చారనే."

వాడు తల గోక్కుని లోపలికెళ్ళి, పదో గడిలో మైకుసెట్టు ఆయన ఫోటో పెట్టించాడు.

మీరు వాడరేవు వెళ్ళాలనుకుంటే పొద్దున తొలి బస్సుకే బయల్దేరండి, ఆధార్ మర్చిపోకండి. సముద్రం బాగుంటుంది. నేను మాత్రం సరిగ్గా చూడలేదు. తిరుగు దారంతా కిటికీలోంచి చేల వంక చూస్తూ, పదిహేనేళ్ళుగా నేను అభిమానిని అని చెప్పుకుంటూ ఒక్కసారి కూడా నా లిస్టు పైకి చదవలేదేమిటా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

తెల్లారి ఆదివారం. సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. శ్రీను గారి తల మా కిటికీ అంత ఉంది. మా వాకిట్లో ముగ్గు వేయడం మానేసి, పిండి డబ్బా తీసుకుని అక్కడికెళ్ళాను. సరిగ్గా ఆ తల ఎదురుగా వంగి కబడ్డీ మధ్య గీత పోయడం మొదలుపెట్టాను. టీ బంకు దగ్గర్నుంచి శ్రీను గారు గ్లాసు పట్టుకుని ఇటు వచ్చాడు.

"పోటీలు రేపు కదమ్మా. ఇదేంటి?"

"సలోమక్క మధ్యాహ్నం వస్తుందండీ. మీ కాలు ఎలా ఉందని అడిగింది."

ఆయన కిందకి చూసి, గీతకి అడ్డంగా ఉన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. నేను అక్కడ కూడా పిండి పోసి గీత పూర్తిచేశాను.