నవ్వులతో సహా రాసిన నోట్సు

మొన్న ఆదివారం పొద్దున మిల్టన్ కీన్స్‌లో మా వంటింట్లో దోసెలు పోస్తుంటే, వెనక బల్ల దగ్గర కూర్చుని మా అమ్మాయి లాప్‌టాప్‌లో యూనివర్సిటీ పాఠం రెట్టింపు వేగంతో వింటోంది. కిచకిచమంటూ పరుగెడుతున్న ఆ ప్రొఫెసరు గొంతు మధ్యలో ఎక్కడో హాలంతా గొల్లున నవ్వింది. మా పిల్ల వెంటనే వేలితో ఆ ముక్కను ముందుకు తోసేసింది. ఎందుకే నవ్వారు వాళ్ళు అని అడిగితే తల ఎత్తకుండానే, "నో ఐడియా, మమ్. ఇట్ వోంట్ బి ఇన్ ది ఎగ్జామ్," అంది. దానిది తప్పని నేననను. వారానికో రకంగా మారే షాపు ఉద్యోగం వేళలు చూసుకుంటూ చదువుకునే పిల్లకు తీరికెక్కడిది. నా మనసు మాత్రం పెనం దగ్గర నుంచి జారుకుని ఎప్పటి క్రోయిడన్ ట్రాములోనో ఎక్కి కూర్చుంది. దోసె మాడిపోయింది కూడా.

పెళ్ళయిన కొత్తలో, మా ఆయన ఐటీ ఉద్యోగం వెంట అనంతపురం నుంచి ఇంగ్లండు వచ్చి లండన్ శివారు క్రోయిడన్‌లో చిన్న ఫ్లాట్‌లో కాపురం పెట్టిన రోజులవి. మీలో చాలామంది అలాగే వచ్చి ఉంటారు కనుక, నాలుగు కాకముందే పడే ఆ చీకట్లనూ, హీటరు మీద ఆరేసిన బట్టల వాసననూ నేను వర్ణించనక్కరలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక పని వెతుక్కుంటే దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో నోట్ టేకర్‌గా తీసుకున్నారు. అంటే వినపడని విద్యార్థుల పక్కన, చేత్తో రాయలేని విద్యార్థుల పక్కన క్లాసులో కూర్చుని వాళ్ళ కోసం పాఠం రాసిపెట్టడం. రాయడమంటే నాకేం భయం? డిగ్రీలో మా హిస్టరీ సారు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతుంటే కామాలతో సహా రాసుకున్న చెయ్యి ఇది. రన్నింగ్ నోట్స్ అంటే ఏమిటో మనవాళ్ళకు వేరే చెప్పాలా. మధ్యలో ఆయన వెనక బెంచీని తిడితే చెయ్యి ఆగక ఆ తిట్లూ రాసేసేదాన్ని, పరీక్షల ముందు నా నోట్సు తీసుకెళ్ళిన స్నేహితురాలు వాటిని కూడా శ్రద్ధగా తన నోట్సులోకి ఎక్కించుకుంది.

నాకు అప్పగించిన అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునేది, తనూ నెమ్మదిగా మాట్లాడేది. అయితే ఆ పాఠం చెప్పే మాస్టారు అమెరికా ఆయన, గుబురు గడ్డం, పైగా ఒక్కచోట నిలబడే మనిషి కాదు, సగం పాఠం కిటికీలోంచి చెట్లకు చెప్పేవారు. వాళ్ళ దేశంలో కాలేజీ తలుపులు ముందు ఎవరికి తెరుచుకున్నాయి, ఎవరికి ఆలస్యంగా తెరుచుకున్నాయి, లోపలికి వచ్చినవాళ్ళు అక్కడ ఏం వెతుక్కున్నారు అన్నదే ఆయన పాఠం. లోపలికి రానివ్వడం వేరు, వచ్చినవాళ్ళు ఇది మా చోటేనని కూర్చోగలగడం వేరు అని తరచూ అనేవారు. మధ్యలో వాళ్ళమ్మ కాలేజీ క్యాంటీన్‌లో వంట చేసిన కబుర్లు, తను మొదటి రోజు దారి తప్పి వేరే క్లాసులో గంటసేపు కూర్చున్న కబుర్లు చెప్పేవారు. పల్చటి ఎండ బల్లల మీద పాకుతూ ఉండేది, నా పెన్ను దాని వెంట తనంతట తనే నడుస్తున్నట్టుండేది, నాకు ఆ గంటలో కాలం తెలిసేది కాదు.

అలవాటు కొద్దీ అన్నీ రాశాను. మాస్టారి దగ్గు, ఆలస్యంగా వచ్చిన కుర్రాడి మీద ఆయన వేసిన జోకు, దానికి వెనక వరసలోంచి వచ్చిన జవాబు, ఏదీ వదల్లేదు. ఆ అమ్మాయి నా కాగితం వైపు వంగి చదువుతూ, హాలు నవ్వి సద్దుమణిగాక ఒక్కతే నవ్వింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు, ఇంకా చదువుతూనే ఉంది.

ఆ కాగితాలు చూసి ఆఫీసులో మా నోట్ టేకర్ల పని చూసే ఆవిడ మర్యాదగానే మందలించింది. పాఠంలోని ముఖ్యాంశాలు చాలు, నోట్స్ అందుకునే పిల్లలందరికీ ఒకే రకంగా ఇవ్వడం న్యాయం, ఒకరికి పేజీలకు పేజీలు, ఇంకొకరికి అరపేజీ అంటే కుదరదు అంది. మా ఆయన కూడా, "వాళ్ళెట్ల జెప్తే అట్ల రాసిచ్చేస్తే పాయె గదా, మనకేల ఆ పెత్తనం," అన్నారు. సరేనని ముఖ్యాంశాలే రాయడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి వాటిని తీసుకుని, ఒకసారి చూసి సంచిలో పెట్టుకునేది.

క్రిస్మస్ సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం ట్రాము స్టాపులో తనే చెప్పింది, చదువు మానేస్తున్నానని, వచ్చే టర్ముకు రానని. మార్కులకేం లోటు లేదు, అరపేజీ చదివినా ప్యాసవుతుంది. కానీ వాళ్ళందరూ దేనికి నవ్వుతున్నారో తెలియకుండా ఇంకా రెండేళ్ళు కూర్చోవడం తన వల్ల కాదంది. ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది మా ఆయన ఆఫీసు పార్టీల్లో చేతిలో జ్యూసు గ్లాసుతో నవ్వు పులుముకుని నిలబడ్డదాన్ని, ఆ బాధ నాకు తెలియనిది కాదు. ఆమె వెళ్ళిపోకూడదని గట్టిగా అనిపించింది.

ఆ టర్ము చివరి క్లాసులో, ఉద్యోగం పోతే పోయిందని, మళ్ళీ అంతా రాయడానికి కూర్చున్నాను. మాస్టారు ఆరోజు పాఠం పక్కన పెట్టి, అసలు మీరంతా కాలేజీకి ఎందుకొచ్చారని అడిగారు. ఒకడు అమ్మ పోరు పడలేక అన్నాడు, ఒకమ్మాయి స్నేహితులంతా వస్తున్నారని అంది, ఇంకొకడు పొద్దున్నే లేవాల్సిన ఉద్యోగం చేయలేక అన్నాడు. హాలంతా నవ్వులు. చెయ్యి పడిపోతున్నా ఒక్కటీ వదలకుండా రాశాను. ఆయన మళ్ళీ పాఠంలోకి వెళ్ళి, అది చాలా దూరం నడిచాక నా పక్కన చెయ్యి లేచింది. ఇందాకటి ప్రశ్నకు నా జవాబు చెప్పొచ్చా అంది ఆ అమ్మాయి. మీరంతా ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవడానికి వచ్చాను అంది.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కిటికీ దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి మా ముందు నిలబడ్డారు, ఆ తర్వాత ఆయన చెట్ల వైపు తిరిగి పాఠం చెప్పగా నేను చూడలేదు. అమ్మాయి తనే ఆఫీసుకు వెళ్ళి, క్లాసులో మిగతావాళ్ళకు అందేదే తనకూ అందడం న్యాయమని వాదించి వచ్చింది. ఆవిడ అయిష్టంగానే ఒప్పుకుంది, నా ఉద్యోగమూ నిలిచింది. చదువు మానేస్తానన్న మాట ఆ అమ్మాయి మళ్ళీ ఎత్తలేదు.

కొత్త టర్ములో ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, మాస్టారు జోకు వేయగానే హాలంతా ఆగి మా వైపు చూసేది. నా పెన్ను ఆగాలి, ఆ అమ్మాయి చదవాలి, ముందు ఆమె నవ్వాలి, అప్పుడు గాని ఎవరూ నవ్వేవారు కాదు.

ఇప్పుడు పాఠం చెబుతుండగానే అక్షరాలు వాటంతటవే తెర మీద పడిపోతున్నాయి. మంచిదే, ఆ రోజుల్లో ఆ అమ్మాయికి ఈ వసతి ఉంటే ఎంత బాగుండేదో అని నిజంగానే అనుకుంటాను. అయినా హాలు నిండా ఉన్న పిల్లలు ఒక్కరి కోసం నవ్వు బిగబట్టుకుని కూర్చోవడం కళ్ళారా చూసినదాన్ని కదా, మనసు ఊరుకోదు. ఇప్పుడు ఎవరి కోసం ఎవరూ ఆగనక్కరలేదు.