ఎడమ చేతి అక్షరాలు

సెలవుల్లో టీచర్లకు పెట్టే ఏ శిక్షణ తరగతికైనా సైన్సు మాస్టారు అందరికంటే ముందే వచ్చి, చివరి బల్లమీద వీపు గోడకు ఆనించి కూర్చుంటారు. వెనక ఎవరైనా నిలబడితే ఆయనకు మాట తడబడుతుంది. రిటైర్మెంటు దగ్గరపడినా మెడ గుండీ దాకా పెట్టుకుని, ఎడమ చేతిని ఒళ్లో దాచుకుని, చెప్పిందల్లా బుద్ధిగా రాసుకుంటారు. "మాస్టారు మళ్లీ ఒకటో తరగతిలో చేరారు" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే తనూ నవ్వేస్తారు.

ఈసారి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి, "అందరూ అలవాటు లేని చేత్తో ఓ వాక్యం రాయండి. కొత్తగా పలక పట్టిన పిల్లల కష్టమేంటో తెలుస్తుంది," అంది. వంకరటింకర గీతలు చూసుకుని గదంతా ఘొల్లుమంది. మాస్టారు కలం చేయి మార్చారు. అక్షరాలు గుండ్రంగా, కుదురుగా వచ్చేశాయి. ఐదేళ్ల వయసులో ఆ చేత్తో రాసినందుకే, టీచరైన కన్నతండ్రి వెనక నిలబడి కణుపుల మీద స్కేలు అంచుతో కొట్టి మాన్పించాడు. ఆ తండ్రి పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఇప్పుడు చెవి వెనక ఆ ఊపిరి వెచ్చగా తగిలింది.

"మీది ఎడమచేతి వాటమా మాస్టారూ?" అంటూ అమ్మాయి వంగి చూసింది.

"లేదు, ఇంకెప్పుడూ రాయను," అన్నారాయన చిన్నపిల్లాడి గొంతుతో. ఎడమ చేయి దానంతటదే ముందుకు చాచుకుంది, దెబ్బకు సిద్ధంగా, కణుపులు పైకి పెట్టి.

ఆమె ఆ చేతిని మెల్లగా వెల్లకిలా తిప్పి, అందులో సుద్దముక్క పెట్టింది. "బోర్డు మీద రాసి చూపిస్తారా?"

మాస్టారు లేచారు. బోర్డు దాకా భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూనే నడిచారు. సుద్దముక్కను మాత్రం చేయి మార్చలేదు.