భీమిలి తోకచుక్క, నా బస్సు కిటికీ

1986 మార్చిలో ఒక తెల్లవారుజామున, రెండున్నరకు వైజాగు వన్ టౌన్ నుంచి భీమిలికి తోకచుక్క స్పెషల్ బస్సు బయల్దేరింది. టీ, ఉప్మా టిక్కెట్టులోనే. నాకు ఆరో నెల. బడిలో పిల్లలకు ఏటా బోర్డు మీద నేను గీసే తోకచుక్కను ఒక్కసారి కళ్లారా చూడాలని నా ఆశ. మళ్లీ రావడానికి డెబ్బై ఆరేళ్లు పడుతుంది. అప్పటికి నేనుండను.

వెనక సీట్లో సింహాచలం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ అడిగింది. "అది సూరీడు దగ్గరికెళ్తే కాలిపోదేటమ్మా?"

"పోదు పెద్దమ్మా. చుట్టు తిరిగి వెళ్లిపోతుంది. ఆ వేడికి దాని మంచు ఆవిరై తోకవుతుంది. తోకెప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే. అందుకే వెళ్లేటప్పుడు తోక ముందు, తల వెనక."

"అయితే మా అప్పన్న గుళ్లోంచి వొచ్చినట్టే. సామికి ఈపు సూపించకుండా ఎనక్కి నడిసొత్తాం గదా."

బళ్లో ఇంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదు. ముచ్చటేసింది. ఆ ముచ్చట భీమిలి దాకానే.

మూడున్నరకు బస్సాగింది. నేను లేవగానే ఆవిడ నా కడుపు చూసింది. "ఓలమ్మో! కడుపుతో తోకసుక్కని సూత్తావేటి? గ్రహణంలాగే ఇదీను. కూకో!"

బస్సు తెచ్చిన పెద్దమనిషి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "దిగొద్దండి. ఏదైనా అయితే మా మీదకొస్తాది."

నా టిక్కెట్టు చింపినప్పుడు ఈ కడుపు కనబడలేదా? మా ఆయన వైపు చూశాను. "పోనీ కూర్చోరాదూ" అని తను చక్కా దిగిపోయాడు! ఒళ్లు మండిపోయింది.

ఒడ్డున షామియానా, ట్యూబులైట్లు, సీరియల్ బల్బులు, మైకులో భక్తిపాటలు. చుక్కను చూడ్డానికి పెళ్లి పందిరి వేసిన ప్రబుద్ధులు! డ్రైవరు బస్సును దూరంగా చీకట్లో నిలిపి, లోపలి లైటు ఆర్పి టీకి వెళ్లాడు. కోపంతో సముద్రం వైపు కిటికీ తోశాను.

నీళ్లకు కాస్త పైన, వేలితో సున్నం రాసినట్టు, మసకగా, తోక పైకి చాచి, అదే. ఏడుపొచ్చింది. పక్కన చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు.

ఐదుంబావుకు తెల్లారిపోతుంటే అందరూ తిట్టుకుంటూ బస్సెక్కారు.

"అంతా మోసం. ఏమీ కనబడలేదు" అన్నాడు మా ఆయన.

"నాకు కనబడింది."

చుక్కలు చూడాలనుకునే వాళ్లకు భీమిలి మంచి చోటు. నిక్షేపంగా వెళ్లండి. స్పెషల్ బస్సులో మాత్రం వెళ్లకండి.

పెద్దమ్మ నా భుజం తట్టింది. "నిజివేనా? ఏ కిటికీలోంచమ్మా? నాకూ ఇంక రాదు గదా. కూసింత జరుగు."

ఆకాశం అప్పటికే తెల్లబడింది. అయినా జరగలేదు. వైజాగు చేరేదాకా ఆ కిటికీ ఎవరికీ ఇవ్వలేదు, మా ఆయనకు కూడా.