రెండో గాలం

మా పక్క క్వార్టర్లో ఉండే కాక గనిలో మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, ఇంత తిని, రెండు గాలం కర్రలతో చెరువుకు బయల్దేరేవాడు. రెండోది నాకు. ఇంటర్ రోజుల్లో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆయన మాట్లాడమని అడిగేవాడూ కాదు. గనిలో పైకప్పు కూలేలా ఉందేమోనని కర్రతో తట్టి చప్పుడు వినే అలవాటేమో, నీళ్ల దగ్గర కూడా చెవి ఒగ్గి కూర్చునేవాడు. నేను తొందరపడి కర్ర ఎత్తితే మాత్రం, "ఆగు బిడ్డా, బెండు మొత్తం మునగాలె" అనేవాడు. నెల రోజులైనా నాకు ఒక్క చేపా పడలేదు. అయినా గాలం తాడుకు కట్టి నీళ్ల మీద తేలే ఆ బెండును చూస్తూ కూర్చోవడమే నాకు సంతోషంగా ఉండేది.

ఒక సాయంత్రం మా కాలేజీ అమ్మాయిలు కట్ట మీదుగా వచ్చారు.

"ఏందే, చేపలు పడ్తున్నవా? ఎవరే ఆ ముసలాయన?" అని నవ్వారు.

"ఏమో, నాకు తెల్వదు. ఊకెనే చూస్తున్న" అంటూ కర్ర కింద పెట్టేశాను.

అప్పుడే నా బెండు మొత్తం మునిగింది. కాక నావైపు చూడకుండా ఆ కర్ర అందుకుని లాగాడు. అరచేయంత చేప మెరుస్తూ పైకి లేచింది. నా గాలానికి పడ్డ మొదటి చేప అది.

కాక దాన్ని సంచిలో వేసుకుని, నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు అడిగాడు: "నీది ఏ కాలనీ అమ్మా?"

మేమిద్దరం ఉండే కాలనీ పేరే, ఆయనకు తెలియనట్టు, చెప్పాను.