పై ఆఫీసరు దిగిన పచ్చిక

అరవైల మొదట్లో మావారు విడవలూరు దగ్గర ఓవర్సీరు. క్వార్టరు ముందున్న రేగడి నేలలో తుంగ పోగొట్టి, పచ్చిక పెంచాలని ఆయన పట్టుదల.

ట్రాక్టరుతో దున్నిస్తే బండల్లాంటి పెళ్లలు లేచాయి. "నీళ్లు పెట్టి దమ్ము చేస్తేగానీ తుంగ చావదు సార్" అని డ్రైవరు ఇనప చక్రాలు తగిలించి నేలంతా మెత్తటి బురద చేశాడు. మావారు గడ్డి దుబ్బుల కోసం నెల్లూరు వెళ్లారు.

నేను కునుకు తీసి లేచేసరికి, పక్క పొలంలో నాట్లేసే ఆడవాళ్లు మా వాకిట్లో వరి నాటేశారు!

"ఇదేందక్కా?" అన్నాను.

"దమ్ము చేసిన మడిని ఉత్తగా వదిలేస్తారామ్మా? నారు మిగిలింది, నాటేసినాం."

పొద్దు వాలుతుండగా జీపులోంచి మావారు, ఆయన పై ఆఫీసరు దిగారు. "భేష్! లాను అప్పుడే పచ్చబడిందే!" అంటూ ఆఫీసరుగారు అందులో అడుగేసి, మోకాళ్లదాకా దిగబడ్డారు. ఆడవాళ్లంతా పట్టి లాగితే ఆయన వచ్చారుగానీ, ఒక బూటు రాలేదు.

అది కోతలప్పుడు దొరికింది. కడిగి, కొత్త బియ్యంతో పాటు పంపించాం. బియ్యం బాగున్నాయని కబురు చేస్తూ, ఆయన ఆ బూటుతో పాటు రెండోది కూడా మాకే పంపించేశారు.

మావారికి సరిగ్గా సరిపోయాయి. పచ్చిక మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.