సాలోమోను రసమట్టం

సిమెంటు బొమ్మలు చేసే సాలోమోనుకు లోకంలో ఏదీ వంకరగా ఉండకూడదు. జేబులో ఎప్పుడూ తాపీమేస్త్రీల రసమట్టం. ఆర్మూర్ బస్టాండు హోటల్లో దాన్ని టేబుల్ మీద పెట్టి, గాజుగొట్టంలో బుడగ నడుమకొచ్చేదాకా చాయ్ ముట్టడు. టేబుల్ కాలి కింద అట్టముక్క దూర్చేలోపు చాయ్ చల్లారిపోతుంది. ఈయనకు కాస్త తిక్కేమోనని చర్చి సంఘపెద్ద దయానంద్‌కు ఎప్పటినుంచో అనుమానం.

సాలోమోను భార్య సువార్తదీ ఓ వింతే. చర్చిలో కుంటుతుంది, బజారులో చక్కగా నడుస్తుంది. ఎందుకో అడగాలని దయానంద్‌కు నాలుక దురద. కానీ ఆడమనిషిని ఏమని అడుగుతాడు?

రెండువేల ఆరులో చర్చివాళ్లు పెళ్లిళ్ల హాలు కట్టి, దాని ముందు బైబిల్లోని అకుల, ప్రిస్కిల్లల బొమ్మ పెట్టాలనుకున్నారు. డేరాలు కుట్టి బతికిన ఆలుమగలు వాళ్లు. మాట్లాడటానికి సాలోమోను దయానంద్ ఇంటికొచ్చాడు. పెద్దాయన కుర్చీలో, భార్య లిదియా కింద పీట మీద. సాలోమోను కుర్చీ చేతిమీద రసమట్టం పెట్టాడు, పీట వైపు చూశాడు.

"మొగడు నిలవడాలె, పెండ్లాం కాళ్లకాడ కూసోవాలె," అన్నాడు దయానంద్.

"చూస్త పెద్దయ్యా."

హాలు తెరిచే ముందురోజు దయానంద్ ఆగలేక సాలోమోను షెడ్డుకు పోయి బొమ్మమీది గుడ్డ తీశాడు. ఇద్దరూ ఒకే బల్లమీద భుజం భుజం కలిపి కూర్చున్నారు. పసుపు కుప్పలపై కప్పే తాడిపత్రి లాంటి డేరా ఇద్దరి ఒళ్లోనూ పరుచుకుంది. ఇద్దరి చేతుల్లోనూ సూదులు.

"గిదేంది? మొగడు జానెడన్న ఎత్తుండద్దా?"

"ఒక్క డేరా ఇద్దరు కుడుతుండ్రు. ఒకరు ఎత్తుల కూసుంటే గుడ్డ గుంజుకపోతది, కుట్టు వంకర పోతది."

"మార్చు. లేకుంటే రేపు బొమ్మను తీస్కపోను బండి రాదు."

నెలల తరబడి పడ్డ కష్టం. సాలోమోను మొహం మాడిపోయింది. అయినా, "అయితే ఈడనే ఉండనియ్యుండ్రి," అన్నాడు.

అంతలో సువార్త చాయ్ పట్టుకుని ఇంట్లోంచి వచ్చింది, వట్టికాళ్లతో, కుంటుతూ. సాలోమోను పనిబల్లమీద జిగురు ఆరుతున్న చెప్పులు తీసి ఆమె ముందు పెట్టాడు. ఎడమ చెప్పు కింద రబ్బరు పొరలు మందంగా అతికించి ఉన్నాయి. ఆమె తొడుక్కోగానే రెండు భుజాల మీదుగా కర్ర పెట్టి, దానిమీద రసమట్టం పెట్టాడు. బుడగ నడుమకొచ్చి నిలిచింది.

"పెండ్లైన సంది గిదే లొల్లి," అంది సువార్త. "పోలియోతోని నాదొక కాలు పొట్టి. నువ్వు ఒరిగి నడిస్తే నాకు నిద్ర పట్టదంటడు. సోలు అరిగినప్పుడల్లా మల్ల అతికిస్తడు. గట్ల మొదలువెట్టి ఇగ టేబుళ్లను గూడ ఇడుస్తలేడు."

చర్చి బయటే చెప్పులు విప్పుతారు కదా అని దయానంద్‌కు అప్పుడు తట్టింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. చాయ్ అయిపోయేదాకా బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు.

"బండి పొద్దుగాలనే వస్తది," అని లేచి, గడప దగ్గర ఆగాడు. "సాలోమోనూ, జర గా రసమట్టం ఇయ్యి."

"ఎందుకు పెద్దయ్యా?"

"మా ఇంట్ల కుర్చీకీ పీటకూ నడుమ పెట్టి చూస్త."

"గది నేను ఆనాడే చూసిన. మట్టమెందుకు, ఇంకో కుర్చీ కొనుక్కపోండ్రి."