డాక్టర్ సాబ్ లైటు కబాడీకి పోవద్దు

నా పేరు బాలమ్మ. డెబ్బై ఏండ్లు దాటినయ్. చిక్కడపల్లి మార్కెట్ ఎనక కిరాయి ఇంట్ల కొడుకు, కోడలితోని ఉంటున్న. మార్కెట్ల గుడ్లు అమ్ముత. నాకు చదువు రాదు, నేను చెప్తుంటే కోడలు రాస్తున్నది. పోయిన సోమవారం, నా కడుపు కోసి నన్ను బతికించిన డాక్టర్ సాబ్ గుండె ఆగి పోయిండు. నారాయణగూడల మీటింగ్ పెట్టి అందరు పొగిడిన్రు. నాకు మైకు ఇయ్యలే. అందుకే ఈ కాయితం.

ఆయన అశోక్‌నగర్ నుంచి నడుచుకుంట వచ్చి డజను గుడ్లు తీసుకునేటోడు. నేను ప్రతి గుడ్డు బల్బు ముంగట పట్టి చూసే ఇస్త. ఆయన నిలవడి చూసేటోడు. "అమ్మా, నీదీ నాదీ ఒకటే పని. లోపల పాడైంది ఎక్కడుందో వెలుగుతో చూడటమే" అనేటోడు.

నాకు కడుపుల క్యాన్సర్ గడ్డ అని తేలినంక ఆయన దగ్గరికే పోయిన. "గడ్డ కనపడుతుందమ్మా, దాని అంచే కనపడదు. ఎక్కువ కోస్తే కడుపు మిగలదు, తక్కువ కోస్తే రోగం మిగిలిపోతుంది" అన్నడు. అందుకనే కెమెరాకు నీలం లైటు జోడించి పెట్టుకున్నడు. కడుపు తెరిచినంక గదిల లైట్లు బంద్ చేసి దాంతోని చూస్తే మంచి కండ ఒక తీరు, చెడ్డది ఇంకో తీరు మెరుస్తదట.

"బల్బు ఎనక పెట్టి చూడు సాబ్, సాఫ్ కనవడ్తది" అన్న.

"నీ కడుపు గుడ్డు కాదమ్మా" అని నవ్విండు. మల్ల, "లైటు కూడా తప్పు చెప్పొచ్చు. ముక్కని ల్యాబ్‌కి పంపకుండా నమ్మను" అన్నడు.

ఆపరేషన్ల, కండ్లకు గడ్డ అయిపోయినట్టు కనవడ్డ కాడ, లైటు ఇంకో వేలెడంత చూపిచ్చిందట. అది గూడ కోసిండు. ఆ ముక్కల రోగం ఉన్నదని ల్యాబోళ్లు రాసిన్రు. నాలుగేండ్లాయె. గుడ్లు అమ్ముతనే ఉన్న.

ఇప్పుడు ఆ లైటు, దాన్ని నడిపే తీరు ఆయన రాసుకున్న నోటుబుక్కు దవాఖాన బీరువాల పడ్డయ్. లైటును పాత సామానుతోని తుక్కు కింద కబాడీకి ఏస్తరట. పోయి అడిగిన.

"నడిపే సారే పోయిండు గదా అవ్వా" అన్నడు చిన్న డాక్టరు.

"అన్నీ నోటుబుక్కుల రాసిపెట్టిండు గద?"

"సార్ రాత చదవరాదు."

"చదవరాదు అనేది నా మాట బిడ్డా. నీది కాదు."

తల దించుకున్నడు గని, తాళం తియ్యలే.

దవాఖానోళ్లూ, పొగిడింది చాలు. బీరువ తెర్వుండ్రి. నోటుబుక్కు ముంగట పెట్టుకొని ఒక్కలన్న కూసోండ్రి.

నిన్న ఒక గుడ్డు బల్బు ముంగట పట్టిన. మచ్చ లేకుంట ఎర్రగ వెలిగింది. ఆయన గూడ చూస్తడని అలవాటుగ పక్కకు జరిగిన.

ఇది నా బొటనేలు ముద్ర.

సాక్షులు: సుజాత, కోడలు. యాదగిరి, పక్క కూరగాయల దుకాణం.